సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు: తిరుగుడు లెక్క నుంచి ఆర్సీ మార్పిడి దాకా

సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ (ఇంజనుతో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ కూడా ఉండే కారు) కొంటానని ఇంట్లో చెప్పి చూడండి, ముందుగా వచ్చే ప్రశ్న ‘బ్యాటరీ పోతే ఏం చేస్తావ్?’ అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో అమ్మకానికి వస్తున్న హైబ్రిడ్లలో ఎక్కువ భాగం 2022 తర్వాతివి. వాటి బ్యాటరీకి కంపెనీ ఇచ్చిన 8 ఏళ్ల వారంటీ ఇంకా నడుస్తూనే ఉంది. కొన్నవాళ్లు దెబ్బతినేది వేరే చోట్ల. పేరుకే హైబ్రిడ్ అయిన బండిని అసలు హైబ్రిడ్ ధరకు కొంటారు. వరద నీళ్లలో మునిగి, కడిగి పాలిష్ పెట్టిన బండిని కొంటారు. లేదంటే తమ తిరుగుడుకు అక్కర్లేని బండికి లక్షలు అదనంగా పోస్తారు. ఈ మూడూ దాటితే బ్యాటరీ సంగతి ఒక పూటలో తేలిపోతుంది.

పది, పదిహేను లక్షల మధ్య బడ్జెట్ పెట్టుకున్న కుటుంబాన్ని మనసులో పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఆ వరసలోనే రాస్తున్నాను.

1. ముందు మీ తిరుగుడు లెక్క తేల్చుకోండి

మామూలు కారులో బ్రేకు తొక్కినప్పుడు వేడిగా పోయే శక్తిని హైబ్రిడ్‌లో మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది. బండి మళ్లీ కదిలేటప్పుడు ఇంజనును లేపకుండా ఆ కరెంటుతోనే లాగుతుంది. కాబట్టి ఎన్నిసార్లు ఆగి కదిలితే అంత లాభం. రోజూ కూకట్‌పల్లి మీదుగా ఆఫీసుకు వెళ్లేవాళ్లకు, బెంజి సర్కిల్ సిగ్నళ్ల దగ్గర అరగంట గడిపేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వారానికోసారి విజయవాడ హైవే ఎక్కి నిలకడగా 100 స్పీడులో పోయేవాళ్లకు ఆ తేడా చాలా తగ్గిపోతుంది, ఎందుకంటే అక్కడ పని చేసేది ఎక్కువగా ఇంజనే.

కాగితం మీద వేసి చూద్దాం. ఊళ్లో మామూలు పెట్రోలు ఎస్‌యూవీ లీటరుకు 13 కిలోమీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్ (ఇంజను ఆపేసి మోటారు మీదే కదలగలిగే అసలు హైబ్రిడ్) 21 ఇస్తాయనుకుందాం. లీటరు పెట్రోలు 107 రూపాయలనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే మొదటి దానికి సుమారు 923 లీటర్లు, రెండో దానికి 571. తేడా 352 లీటర్లు, అంటే దాదాపు 37,600 రూపాయలు. అదే మోడలులో హైబ్రిడ్‌కు మీరు 2 లక్షలు ఎక్కువ పెడుతుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. ఏడాదికి 20,000 తిరిగేవాళ్లకు మూడేళ్లు దాటగానే వచ్చేస్తుంది. 6,000 మాత్రమే తిరిగేవాళ్లకు పదేళ్లు దాటుతుంది. మీ పాత బండి సర్వీసు బిల్లుల్లో రీడింగులు ఉంటాయి. రెండు బిల్లుల మధ్య తేడా చూస్తే మీ అసలు తిరుగుడు తెలుస్తుంది. నోటి అంచనా ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

ఒక రకం వాళ్లకు మాత్రం హైబ్రిడ్ వద్దనే చెబుతాను. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల కోసం బండి కొని పెడతారు. అది నెలకు నాలుగుసార్లు గుడికీ ఆసుపత్రికీ తప్ప కదలదు. హైబ్రిడ్‌లో పెద్ద బ్యాటరీతో పాటు మామూలు కార్లలో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. బండి వారాల తరబడి నిలబడితే అది దిగిపోతుంది. అది దిగితే పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా బండి లేవదు. పెద్దవాళ్లకు ఆ తిప్పలు దేనికి? వాళ్లకు మామూలు పెట్రోలు ఆటోమేటిక్ చాలు.

2. హైబ్రిడ్ అన్న మాట వెనక ఏముందో చూడండి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. మన మార్కెట్లో రెండు రకాల బళ్లను హైబ్రిడ్ అని పిలుస్తున్నారు.

మైల్డ్ హైబ్రిడ్‌లో ఇంజనుకు బెల్టుతో తగిలించిన చిన్న మోటారు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనును మళ్లీ లేపుతుంది, కదిలేటప్పుడు కాస్త చేయి వేస్తుంది. అంతవరకే. కారును కరెంటు మీద ఒక్క అడుగు కూడా కదిలించలేదు. 2015లో వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ (మైల్డ్ హైబ్రిడ్‌కు మారుతి అప్పట్లో పెట్టిన పేరు) డీజిల్ సియాజ్, ఎర్టిగాల నుంచి తర్వాతి ఎక్స్‌ఎల్6, బ్రెజాల దాకా హైబ్రిడ్ అని పిలిచే మారుతి బళ్లు చాలావరకు ఈ రకమే. ఇవి మంచి బళ్లే, కాకపోతే వీటిని పెట్రోలు కారు ధరకే కొనాలి.

స్ట్రాంగ్ హైబ్రిడ్ బండి ఇంజను ఆపేసి మోటారు మీదే కదులుతుంది. దీన్ని ప్లగ్ పెట్టి చార్జ్ చేయక్కర్లేదు. బ్రేకుల నుంచి, ఇంజను నుంచి తనే నింపుకుంటుంది. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఉన్న లిథియం బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్లు, అంటే ఇంట్లో కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. పూర్తి ఎలక్ట్రిక్ కార్లలో 30, 40 యూనిట్ల బ్యాటరీలుంటాయి. ‘బ్యాటరీ పోతే కారు ధరలో సగం పోతుంది’ అన్న భయం ఆ పెద్ద బ్యాటరీలను చూసి వచ్చింది. హైబ్రిడ్‌ను దానితో కొలవకూడదు.

చిక్కు ఏమిటంటే హైరైడర్, గ్రాండ్ విటారాలు రెండు రకాలుగానూ దొరుకుతాయి. బయటి నుంచి చూస్తే దాదాపు ఒకేలా ఉంటాయి. ఆర్సీలో ‘పెట్రోల్/హైబ్రిడ్’ అని ఉండటం సాక్ష్యం కాదు, మైల్డ్ హైబ్రిడ్‌కూ అలాగే పడుతుంది. ప్రకటనలో ‘హైబ్రిడ్’ అని ఉంటే వేరియంట్ పేరు అడగండి. గ్రాండ్ విటారాలో 2022లో వచ్చిన స్ట్రాంగ్ హైబ్రిడ్లు జీటా ప్లస్, ఆల్ఫా ప్లస్. ఉత్త జీటా, ఆల్ఫా అంటే మైల్డ్. కంపెనీ భాషలో స్ట్రాంగ్‌కు ‘ఇంటెలిజెంట్ ఎలక్ట్రిక్ హైబ్రిడ్’, మైల్డ్‌కు ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని పేర్లు. హైరైడర్‌లో మైల్డ్‌కు ‘నియో డ్రైవ్’ అని పేరు. ఇన్నోవా హైక్రాస్‌లో కూడా జీ, జీఎక్స్ వేరియంట్లు ఉత్త పెట్రోలు, వీఎక్స్, జడ్‌ఎక్స్ హైబ్రిడ్.

బండి ఎదురుగా ఉన్నప్పుడు ఇంకా తేలిక. గేరు మార్చే క్లచ్ ఉంటే అది స్ట్రాంగ్ హైబ్రిడ్ కాదు. బానెట్ ఎత్తితే లావాటి నారింజ రంగు కేబుళ్లు కనిపించాలి, హై వోల్టేజి కరెంటు పోయేది వాటిలోనే (చేయి పెట్టకండి). హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజను తిరుగుడు చూపే ఆర్‌పీఎం మీటర్ బదులు చార్జ్, ఎకో, పవర్ అని చూపే మీటర్ ఉంటుంది. హోండా సిటీ హైబ్రిడ్‌కు డిక్కీ మీద ‘ఈ:హెచ్‌ఈవీ’ అని ఉంటుంది. బ్యాడ్జి ఎవరైనా అంటించగలరు కాబట్టి హ్యాండ్ బ్రేకు చూడండి. హైబ్రిడ్‌లో ఎలక్ట్రిక్ బటన్, దాని తోటి పెట్రోలు సిటీలో చేత్తో లాగే లివరు. అన్నిటికంటే తిరుగులేని పరీక్ష ఏసీది. బండి నిలబెట్టి ఏసీ వేసి ఉంచండి. ఇంజను ఆగిపోయాక కూడా చల్లగాలి తగ్గకుండా వస్తోందంటే కంప్రెసర్ కరెంటు మీద నడుస్తోందన్నమాట, అది స్ట్రాంగ్ హైబ్రిడ్. మైల్డ్‌లో ఇంజను ఆగితే కంప్రెసరూ ఆగుతుంది, కాసేపట్లో గాలి వెచ్చబడుతుంది.

3. ఈ బడ్జెట్లో చూడదగ్గ బళ్లు

హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లు: రెండూ 2022 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చాయి, రెండూ బెంగళూరు దగ్గర బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలో తయారైనవే, లోపలి యంత్రం ఒకటే. 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, మోటారు కలిపి 116 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ఊళ్లో నిదానంగా నడిపేవాళ్లకు 20 నుంచి 24 దాకా రావడం మామూలే. బ్యాటరీ వెనక ఉండటం వల్ల డిక్కీ 265 లీటర్లకు తగ్గింది, మైల్డ్‌లో 373 ఉంటుంది. నలుగురు తిరుపతి వెళ్తే రెండు పెద్ద సూట్‌కేసులు పట్టడం కష్టం. ఇంట్లోవాళ్లను తీసుకెళ్లి డిక్కీ తెరిచి చూపించండి, కొన్నాక వచ్చే గొడవ తప్పుతుంది. ఈ రెండింటిలో ఏ బ్యాడ్జి బండి మంచి స్థితిలో దొరికితే అది తీసుకోవడమే నా సలహా.

హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ 2022 మేలో వచ్చింది. నాలుగు సిలిండర్లు, మొత్తం 126 పీఎస్, 26.5 మైలేజీ అని కంపెనీ లెక్క. నడపడానికి ఇది మెరుగు, శబ్దం తక్కువ. ఊళ్లో ఇంజను ఎక్కువగా జనరేటరులా కరెంటు చేస్తూ ఉంటుంది, చక్రాలను తిప్పేది మోటారు. హైవే మీద మాత్రం ఇంజను నేరుగా చక్రాలకు తగులుకుంటుంది. డిక్కీ ఇందులోనూ 306 లీటర్లకు పడిపోయింది. సెడాన్ కాబట్టి గుంతల రోడ్లు, పెద్ద స్పీడ్ బ్రేకర్లు ఉన్న ఊరైతే ఆలోచించుకోండి. ఎస్‌యూవీల మోజు వల్ల సెడాన్లకు సెకండ్ హ్యాండ్‌లో గిరాకీ తక్కువ. అది అమ్మేవాడికి నష్టం, మీకు లాభం.

పాత టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ (2013 తర్వాతివి) తక్కువకే కనిపిస్తుంది. పెద్ద, సుఖమైన బండి. కానీ తొలి ఏళ్ల బళ్లకు వారంటీ ముగిసింది, విడిభాగాల ధరలు ఖరీదైన కారు ధరలే. రిపేరుకు విడిగా డబ్బు పక్కన పెట్టుకోలేని ఇంట్లో దాని జోలికి వెళ్లొద్దు. 2008 నాటి హోండా సివిక్ హైబ్రిడ్, దిగుమతి చేసిన టొయోటా ప్రియస్‌లు ముచ్చటపడి ఉంచుకునేవాళ్ల కోసం. హైక్రాస్ హైబ్రిడ్ మంచి బండే, ఈ బడ్జెట్‌కు ఇంకా అందలేదు.

4. బండి చూడకముందే కాగితాలు

అమ్మేవాళ్లు నంబరు చెప్పగానే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఎన్నో ఓనరు, ఎప్పటి రిజిస్ట్రేషన్, అప్పు ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. పెండింగ్ చలానాలు తెలంగాణ, ఆంధ్ర పోలీసుల సైట్లలో చూసుకోండి. టీఎస్ నంబరు చూసి కంగారు పడక్కర్లేదు, టీజీ మొదలైంది 2024 మార్చిలో.

ఆంధ్ర బళ్ల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోండి. 2019 నుంచి రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 సిరీసు ఒకటే నడిచింది, తర్వాత ఏపీ 40 వచ్చింది. నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. ఏ ఆర్టీఓలో రిజిస్టర్ అయిందో, ఓనరు ఏ ఊళ్లో ఉంటున్నాడో విడిగా అడగాలి. ఎందుకో వరద దగ్గర చెబుతాను.

ఢిల్లీ నుంచి తెచ్చిన బళ్లు చవగ్గా కనిపిస్తాయి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం ఎన్‌ఓసీ (ఫారం 28), ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, తెచ్చుకునే ఖర్చు, అక్కడి పన్ను వాపసు కోసం తిరగడం కలిపితే ఆ చవకదనం చాలాసార్లు మిగలదు. పక్క రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే మన నంబరు తీసుకోవాల్సిందే. ‘అలాగే తిప్పుకోండి, ఎవరూ అడగరు’ అనే బ్రోకరు మాట వినకండి.

ఇక అన్నిటికంటే విలువైన కాగితం సర్వీసు రికార్డు. ఓనరును వెంటబెట్టుకుని, లేదా ఆయన చేత ఫోన్ చేయించి, కంపెనీ సర్వీస్ సెంటర్లో పూర్తి చరిత్ర తీయించండి. ప్రతి సర్వీసుకూ తేదీ, రీడింగ్ ఉంటాయి. అవి క్రమంగా పెరుగుతూ పోవాలి. మధ్యలో ఏడాదిన్నర ఖాళీ ఉంటే ఆ ఏడాదిన్నర బండి ఎక్కడ ఉందో అడగండి. హైబ్రిడ్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మెకానిక్‌లు వాడే పాత కొండగుర్తు ఒకటి ఇక్కడ పని చేయదు. మామూలు కారులో బ్రేకు ప్యాడ్లు మందంగా ఉంటే తక్కువ తిరిగిందని నమ్ముతారు. హైబ్రిడ్‌లో సగం బ్రేకు పని మోటారే చేస్తుంది కాబట్టి చాలా తిరిగిన బండికి కూడా ప్యాడ్లు కొత్తగా కనిపిస్తాయి. మీటరు తిప్పారన్న అనుమానం వస్తే స్టీరింగ్ మీద నునుపు, డ్రైవరు సీటు అంచు, పెడల్ రబ్బరు, టైర్ల తేదీ చూడండి. టైరు మీద 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. 15,000 తిరిగిందంటున్న 2022 బండికి నాలుగూ 2025 టైర్లు ఎందుకున్నాయి?

అదే సర్వీస్ సెంటర్లో చాసిస్ నంబరు చెప్పి రీకాల్ పనులు (లోపం ఉందని కంపెనీయే బళ్లను వెనక్కి పిలిచి చేసే రిపేర్లు) ఏమైనా మిగిలాయా అని అడగండి. 2023 జనవరిలో గ్రాండ్ విటారా, హైరైడర్ బళ్లలో కొన్నిటిని ఎయిర్‌బ్యాగ్ కంట్రోలరు కోసం వెనక్కి పిలిచారు. ఆ పని ఉచితమే, కానీ అయిందో లేదో రికార్డులో కనపడాలి.

5. బండి దగ్గర: ఇంజను చల్లగా ఉన్నప్పుడే

పొద్దున్నే వస్తామనీ, మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దనీ ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి.

డ్రైవరు తలుపు తీసినప్పుడు టొయోటా హైబ్రిడ్లలో లోపల్నుంచి ఒక చిన్న ‘గుయ్’ మన్న శబ్దం రావచ్చు. అది బ్రేకు పంపు సిద్ధమవుతున్న చప్పుడు, మామూలే. బ్రేకు తొక్కకుండా ఊరికే ఉన్నా అది కొన్ని సెకన్లకోసారి మళ్లీ మళ్లీ వస్తుంటే బ్రేకు యాక్చుయేటరులో (బ్రేకులకు పీడనం అందించే భాగంలో) పీడనం నిలవడం లేదేమోనని అనుమానించాలి. అది ఖరీదైన భాగం. సర్వీస్ సెంటర్లో చూపించకుండా ముందుకు పోకండి.

బ్రేకు మీద కాలు పెట్టి పవర్ బటన్ నొక్కండి. ‘రెడీ’ అని వెలగాలి. ఇంజను చప్పుడు రాకపోవచ్చు, కొద్ది సెకన్ల తర్వాత తనంతట తను లేవచ్చు, రెండూ సరైనవే. చూడాల్సింది హెచ్చరిక దీపాలు. బటన్ నొక్కగానే అన్నీ ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగని దీపం కూడా అనుమానమే, బల్బు తీసేసిన బళ్లున్నాయి.

బానెట్ కింద ఇంజను కూలెంటు డబ్బా కాకుండా ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే భాగం) కోసం ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. రెండింట్లోనూ మట్టం గుర్తుల మధ్య ఉండాలి, రంగు శుభ్రంగా ఉండాలి. కొత్తగా నీళ్లు పోసి నింపినట్టు పలచగా కనిపిస్తే లీకు ఎక్కడుందో తేలాలి.

తర్వాత వెనక సీటు దగ్గర వంగి చూడండి. బ్యాటరీకి గాలి లాక్కునే జాలీ సీటు పక్కనో కిందో ఉంటుంది. చాలామంది ఓనర్లకు అది ఏమిటో కూడా తెలియదు. దాని మీద దిండ్లు పడేస్తారు, కుక్కను ఎక్కిస్తే బొచ్చు పేరుకుంటుంది. గాలి అందని బ్యాటరీ మన ఏప్రిల్, మే ఎండల్లో వేడెక్కి త్వరగా ముసలిదవుతుంది. జాలీకి వేలు రాసి చూస్తే ఆ ఇంట్లో బండిని ఎలా చూసుకున్నారో అర్థమవుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపే బళ్లకు ఎలుకల బెడద కూడా ఉంది. డిక్కీ పక్కల, బానెట్ అంచుల్లో ఎలుక పెంటికలు కనపడినా, వైర్లకు కొత్త టేపు చుట్టి ఉన్నా ఏ వైరు మార్చారో బిల్లు చూపించమనండి. బయటి దుకాణంలో వైర్లు కోసి పెట్టించిన లైట్లు, స్పీకర్లు ఉంటే వారంటీకి ఎసరు వచ్చే అవకాశం ఉంది. అది కూడా కంపెనీనే అడిగి తేల్చుకోవాలి.

6. నడపడం: గంట తక్కువ కాకుండా

వీధి చివరిదాకా పోయి వస్తే హైబ్రిడ్ గురించి ఏమీ తెలియదు. ట్రాఫిక్, ఎత్తుపల్లాలు, ఖాళీ రోడ్డు మూడూ తగిలే దారి ఎంచుకోండి. హైదరాబాదులో జూబ్లీహిల్స్ ఎత్తులు, ఔటర్ రింగు రోడ్డు ఉన్నాయి. విశాఖలో సింహాచలం ఘాట్ ఉంది.

స్క్రీన్‌లో శక్తి ఎటు నుంచి ఎటు పోతోందో చూపించే బొమ్మ పెట్టుకోండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు బ్యాటరీ గళ్లను గమనించాలి. బాగున్న బ్యాటరీ గళ్లు నెమ్మదిగా దిగి, నెమ్మదిగా ఎక్కుతాయి, ఎక్కువసేపు మధ్యలోనే ఉంటాయి. సిస్టమ్ దాన్ని ఎప్పుడూ పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. రెండు నిమిషాల్లో అడుగుకు పడిపోయి, మళ్లీ రెండు నిమిషాల్లో పైకి ఎగబాకి, ఇలా ఊగిసలాడుతుంటే లోపలి సెల్స్ బలహీనపడ్డాయని అనుమానించండి. ఇంజను లేపకుండా కరెంటు మీదే నడపమనే ఈవీ మోడ్ బటన్ నొక్కితే ఒక్కోసారి ‘కుదరదు’ అని చూపిస్తుంది. ఇంజను చల్లగా ఉన్నా, చార్జ్ తక్కువున్నా అలాగే అంటుంది, అది లోపం కాదు.

ఘాట్ దిగేటప్పుడు గేరు లివరును ‘బి’లో (దిగుడులో మోటారుతో, ఇంజనుతో బండిని పట్టి ఉంచే స్థానంలో) పెట్టండి. బ్యాటరీ నిండాక ఒక్కసారిగా ఇంజను గట్టిగా తిరిగే చప్పుడు వస్తుంది. తిరుమల ఘాట్‌లో మొదటిసారి దిగినవాళ్లు దీన్ని విని బండి పాడైందనుకుంటారు. నిండిన బ్యాటరీలోకి ఇంకా కరెంటు పంపలేక, ఇంజనును తిప్పి బండిని ఆపుతోందంతే. అలాగే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను గోల ముందు, వేగం తర్వాత వస్తుంది. దానికీ అలవాటు పడాలి.

పట్టించుకోవాల్సినవి ఇవి: బ్రేకు తొక్కినప్పుడు మోటారు బ్రేకు నుంచి మామూలు బ్రేకుకు మారే చోట కుదుపు, ఇంజను లేచిన ప్రతిసారీ దడదడమని వణుకు, పొగ గొట్టం నుంచి ఆగని తెల్లపొగ, వేగం పెరిగేకొద్దీ పెరిగే ఊళ. నాకు బాగా ఉపయోగపడే కిటుకు ఒకటుంది. ఇంజను ఆగి మోటారు మీద 30, 40 స్పీడులో పోతున్నప్పుడు ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించి వినండి. ఆ నిశ్శబ్దంలో చక్రాల బేరింగులు, సస్పెన్షన్ తమ సంగతి తామే చెప్పేస్తాయి. పెట్రోలు కారులో ఇంజను మోత వెనక దాగే చప్పుళ్లన్నీ హైబ్రిడ్‌లో బయటపడతాయి.

7. నీళ్లలో మునిగిన బండిని పట్టుకోవడం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు నిలిపిన బళ్లూ ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలో చెన్నై చూసిందీ ఇదే. అలాంటి బళ్లలో కొన్ని ఇన్సూరెన్స్ క్లెయిము అయ్యాక వేలంలో చేతులు మారి, శుభ్రం చేయించుకుని వేరే ఊళ్లో అమ్మకానికి వస్తాయి. ఆంధ్ర బండి ఏ ఊళ్లో తిరిగిందో విడిగా అడగమన్నది ఇందుకే. ఏ కారుకైనా ఇది చెడే, హైబ్రిడ్‌కు మరీ చెడు: బ్యాటరీ వెనక భాగంలో కిందికే ఉంటుంది, హై వోల్టేజి కనెక్టర్లలోకి వెళ్లిన బురదనీరు వెంటనే కాక ఆరు నెలలకో ఏడాదికో తుప్పు పట్టించి బయటపడుతుంది.

సీటు బెల్టును చివరి అంగుళం దాకా బయటికి లాగండి. కడిగేవాళ్లు కనపడే బెల్టును కడుగుతారు, చుట్ట లోపలి భాగం వదిలేస్తారు. అక్కడ మట్టి గీత ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. టార్చి వేసి సీటు కింది పట్టాల బోల్టులు చూడండి, మూడేళ్ల బండికి అవి తుప్పు పట్టకూడదు. డిక్కీ మ్యాట్ ఎత్తి కింది గుంతల్లో ఇసుక, ఎండిన ఒండ్రు ఉందేమో వేలితో తడమండి. తివాచీ కింది స్పాంజిని నొక్కి వాసన చూడండి. అద్దాలన్నీ మూసి ఏసీ ఆపి పది నిమిషాలు కూర్చుంటే ముక్కిన వాసన బయటపడుతుంది. ఘాటైన సెంటు కొట్టి ఉంచిన బండిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆపైన ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర క్లెయిముల చరిత్ర అడగండి. అమ్మేవాళ్లు పాలసీ నంబరు ఇవ్వడానికి వెనకాడితే, ఎంత మంచి ధర చెప్పినా, అక్కడితో ఆపేయండి.

8. స్కానరు పెట్టించండి

ఇంతదాకా అన్నీ బాగుంటే బండిని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి డబ్బు కట్టి పరీక్ష చేయించండి. వీధి మెకానిక్ ఎంత నేర్పరి అయినా హైబ్రిడ్ సిస్టమ్ లోపలికి చూసే కంపెనీ స్కానరు ఆయన దగ్గర ఉండదు. మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: హైబ్రిడ్ సిస్టమ్‌లో లోపాల కోడ్లు ఉన్నాయా (టొయోటా బళ్లలో పీ0ఏ80 అంటే బ్యాటరీ ప్యాక్ మార్చాల్సిన స్థితి), ఈ మధ్య ఎవరైనా కోడ్లు చెరిపేశారా, బ్యాటరీ బ్లాకుల (ప్యాక్‌లోని సెల్స్ గుంపుల) వోల్టేజిల మధ్య తేడా ఎంత. ఒక్క బ్లాకు మిగతావాటికంటే బాగా దిగువన ఉంటే ఆ ప్యాక్‌కు రోజులు దగ్గరపడ్డట్టే.

అక్కడే వారంటీ కూడా తేల్చుకోండి. ఈ బళ్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. 2022 చివర్లో కొన్న బండికి 2030 చివరి దాకా. అది కొత్త ఓనరు పేరు మీద కొనసాగుతుందా, ఏ షరతులతో, ఇన్వర్టరుకూ మోటారుకూ ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా కొనుక్కోవచ్చా అని అడగండి. వారంటీ అయిపోయాక ప్యాక్ మార్చాలంటే ఎంతవుతుందో ఇవాళ్టి కొటేషన్ కూడా తీసుకోండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి అయితే ఈ20 పెట్రోలుకు (20 శాతం ఇథనాల్ కలిపినది) సరిపోతుందో లేదో కూడా అదే చోట రాయించుకోండి.

9. బేరం, డబ్బు, మార్పిడి

బేరానికి కూర్చునే ముందు అదే వేరియంట్ కొత్తది ఇవాళ ఆన్‌రోడ్ ఎంతో షోరూంలో అడగండి. అమ్మేవాళ్లు తాము పెట్టిన ధర నుంచి తగ్గించి చెబుతారు, మీరు ఇవాళ్టి ధర నుంచి లెక్కించాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు ఈ సైజు హైబ్రిడ్ల మీద పన్ను 43 నుంచి 40 శాతానికే తగ్గింది, పెద్ద పెట్రోలు బళ్లకు ఇంకా ఎక్కువ తగ్గింది. అందువల్ల హైబ్రిడ్‌కూ అదే మోడలు పెట్రోలుకూ మధ్య తేడా మునుపటిలా లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ తేడా ఎంతో చూసి, మొదట వేసుకున్న లెక్కలో పెట్టండి.

కంపెనీల సొంత దుకాణాల్లో (టొయోటా యూ ట్రస్ట్, మారుతి ట్రూ వాల్యూ, హోండా ఆటో టెర్రస్) ధర కాస్త ఎక్కువ, చరిత్ర తేలిగ్గా తెలుస్తుంది. డీలరు దగ్గర కొంటే 18 శాతం జీఎస్టీ ఆయన మార్జిన్ మీదే, బండి మొత్తం ధర మీద కాదు. సొంత బండి అమ్ముకునే మామూలు మనిషికి అదీ లేదు.

బయానా ఇచ్చేటప్పుడు తెల్లకాగితం మీదైనా రాసుకోండి: ఎంత ఇచ్చారు, మిగతాది ఎప్పటికి, స్కానరు పరీక్షలో తేడా వస్తే బయానా వాపసు. మిగతా డబ్బు బ్యాంకు ద్వారానే. ఆర్సీ మీ పేరుకు మార్చడానికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు ఉంటే అది తీరిందని చూపే ఫారం 35తో పాటు బ్యాంకు ఎన్‌ఓసీ, రెండు తాళాలు, కాలుష్య సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పాలసీ చేతికి వచ్చాకే చివరి వాయిదా. బండి తీసుకున్న తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకం పెట్టిన డెలివరీ నోట్ ఉండాలి. ఆ క్షణం దాకా పడిన చలానాలు వాళ్లవి, తర్వాతివి మీవి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుతోనే వెళ్లిపోతుంది కాబట్టి ప్రీమియం తేడా కట్టాల్సి వస్తుంది. దాన్నీ బడ్జెట్లో వేసుకోండి.

10. మొదటి నెలలో చేయించాల్సినవి

బ్యాటరీ గాలి జాలీని, దాని ఫిల్టరును శుభ్రం చేయించండి. 12 వోల్టుల బ్యాటరీని పరీక్ష చేయించి, మూడేళ్లు దాటితే ఆగిపోయేదాకా చూడకుండా మార్పించండి. ఇంజను ఆయిలు, రెండు కూలెంట్లు, బ్రేకు ఆయిలు మార్చిన తేదీలు రాసి పెట్టుకోండి. బ్రేకులు తక్కువ వాడకంలో ఉంటాయి కాబట్టి వానాకాలం తర్వాత డిస్కులు, క్యాలిపర్లు తుప్పు పట్టి బిగుసుకోకుండా ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయమని సర్వీసులో ప్రత్యేకంగా చెప్పాలి, చెప్పకపోతే చేయరు. ఊరెళ్లి రెండు వారాలు బండి కదలదనుకుంటే ఇంట్లో డ్రైవింగ్ వచ్చిన ఎవరికైనా తాళం ఇచ్చి, వారానికోసారి ‘రెడీ’లో పెట్టి అరగంట ఉంచమనండి. రెడీలో ఉంటేనే పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపుతుంది, ఉత్త లైట్లు వేసి ఆపేస్తే ఇంకాస్త దిగిపోతుంది. సెల్లార్‌లో అయితే పక్కనే ఉండి, తలుపులు తెరిచి గాలి ఆడే చోట చేయమని చెప్పండి, ఇంజను మధ్యలో తనంతట తనే లేస్తుంది.